నీళ్లు లేని ఊళ్లో పడవ మోటర్ల మేస్త్రి

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. మొన్న జనగామలో మోటర్ల మేస్త్రి దశదిన కర్మకు పోయి, భోజనాల దగ్గర ఇస్తరి ముందు కూర్చుని, ఆ చారెడు కళ్ల గురించి అందరూ చెప్పిందంతా విన్నాను. ముక్కుసూటి మనిషి అన్నారు. ఆయన చెయ్యి తగిలితే ఎంత మొండి మోటరైనా మాట వినేదన్నారు. పక్క వరుసలో ఒకాయన ఎముక చీకుతూ, కొబ్బరికాయ లాంటి మనిషి, పైకి గట్టి గానీ లోపలంతా తీపి నీళ్లే అన్నాడు. ఆ నీళ్ల సంగతి నాకు తెలియదు. కాయ మాత్రం మా ఇంటి మీద పడింది.

అందుకే ఇది రాస్తున్నాను. ఆయన పేరు రాయను. మా గోదావరి ఒడ్డున ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్లు కూడా లేరు, అందరికీ మేస్త్రే.

నేను పుట్టింది మానుకోటలో, అంటే కాగితాల మీద మహబూబాబాద్ అని రాసే ఊళ్లో. రైలు కూతలు వింటూ పెరిగినదాన్ని, పడవ ఎక్కింది పెళ్లయ్యాకనే. మెట్టినిల్లు భూపాలపల్లి జిల్లాలో గోదావరి ఒడ్డున. నేను అంగన్‌వాడీలో పిల్లలకు పాఠాలు చెబుతాను, మా ఆయన చేపలు పడతాడు. ఆయన పడవకు వెనక చెక్క మీద తగిలించుకునే మోటరు ఒకటి ఉంది. తాడు పట్టి లాగితే మొదలవుతుంది. సముద్రం మీద ఎవరో వాడి వాడి వదిలేస్తే మా వాళ్లు కొనుక్కొచ్చినది. మా ఒడ్డున మోటర్లన్నీ అలాంటివే, వయసులో నాకన్నా పెద్దవి.

ఈ మోటర్లు చెడిపోతే బాగు చేసే మనిషి మూడు జిల్లాలకు ఒక్కడే, ఆ ఒక్కడూ జనగామలో ఉండేవాడు. గోదావరి ఎక్కడ, జనగామ ఎక్కడ? ఎండాకాలం వస్తే బిందెల దగ్గర జుట్లు పట్టుకున్న ఊరది. ఆయనకు ఈ పని ఎక్కడ అబ్బిందో, అక్కడెందుకు స్థిరపడ్డాడో నేను అడగలేదు, అడిగినవాళ్లకు ఆయన చెప్పలేదు. రైలు పట్టాల అవతల రేకుల షెడ్డు, షెడ్డు ముందు సిమెంటు గోలెం. ఆ గోలెం నిండా నీళ్లు పట్టి, దాని అంచుకు మోటరు బిగించి, పంకా మునిగేలా పెట్టి నడిపించి చూసేవాడు. పక్కింటి ఆడవాళ్లు తాగే నీళ్లు లేక చూస్తుంటే ఈయన గోలెంలో మోటరు గుడగుడలాడేది. వాళ్లు పెట్టిన శాపనార్థాలకు లెక్క లేదు. ఆయన ఒకసారి తల ఎత్తి, మీకంటే దీనికే దూప ఎక్కువున్నదని చెప్పి మళ్లీ పనిలో పడ్డాడట.

పడవ మోటర్లతో బతికిన ఆ మనిషి పడవ ఎక్కి ఎరుగడు. ఈత రాదు. ఈ సంగతి ఆయన ముందు ఎవరూ ఎత్తేవారు కాదు.

మోటరు తెచ్చినవాడికి కూర్చోమని చెప్పే అలవాటు లేదు. గోనెసంచి విప్పి మోటరును బల్ల మీద పెట్టగానే, "ఏం జేసినవ్?" అనేవాడు. ఏమీ చెయ్యలేదని, దానంతట అదే ఆగిందని తెచ్చినవాడు చెప్పేవాడు. దానికేమన్నా నీ పెండ్లామా అలిగి ఆగనీకె, అని మొదలయ్యేది. ఆయన దృష్టిలో మోటరు తనంతట తాను ఎన్నడూ చెడదు, మనిషే చెడగొడతాడు. అందుకని రోగం కనిపెట్టడం కన్నా ముందు ముద్దాయిని కనిపెట్టేవాడు.

తర్వాత వచ్చేది రెండో ప్రశ్న: "దూపనా, కక్కుడా?" దూప అంటే దాహం; పెట్రోలు అందక ఆగిందా, ఎక్కువై ఆగిందా అని దాని అర్థం. తెలియక తడబడితే ఇక వాడి పని అయిపోయినట్టే. ఆయన ప్లగ్గు విప్పి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. పొడిగా ఉంటే దూప, తడిసి వాసన కొడితే కక్కుడు. తరువాత ట్యూబులో మిగిలిన పెట్రోలును ఒక తెల్లటి క్వార్టరు సీసాలోకి వంపి గోడ మీద వెలుతురులో పెట్టేవాడు. కాసేపటికి నీళ్లుంటే అడుగుకు దిగి పెట్రోలు పైకి తేలుతుంది. ఆ కాసేపూ తెచ్చినవాడు సీసా పక్కన ఎండలో నిలబడాలి. నీడకు జరిగాడా, "పెట్రోలే నిలవడ్డది, నీకేమాయె?" అని మళ్లీ ఎండలోకి తోలేవాడు. ఈ మధ్య వచ్చే పెట్రోలులో సారా కలుపుతున్నారని, దాంతో పాత మోటర్ల రబ్బరు పైపులు మెత్తబడి లోపల జిగురు పడుతోందని ఆయనకు మహా కోపం. ఆ కోపం కూడా తెచ్చినవాడి మీదే పోయేది. పెట్రోలు తాగొస్తది, నువ్వూ తాగొస్తవ్, మధ్యల మోటరొక్కటే మంచిగుండాల్నా అనేవాడు.

నేను మా ఆయనతో కలిసి మొదటిసారి ఆ షెడ్డుకు పోయినప్పుడు ఒక వింత చూశాను. మేస్త్రి కార్బురేటరు విప్పి, అందులోంచి పెట్రోలు కొలిచి వదిలే చిన్న ఇత్తడి ముక్కను బయటికి తీశాడు. జెట్టు అంటారు దాన్ని. దాని నడుమ ఉన్న బెజ్జం ఆవగింజ కూడా పట్టనంత సన్నం. దాన్ని వెలుతురుకు ఎదురు పెట్టి చూసి, మాట లేకుండా చెయ్యి చాపి మా ఆయన నెత్తి మీద ఒక వెంట్రుక పుటుక్కున పీకాడు. ఆ వెంట్రుకను బెజ్జంలో దూర్చి అటూ ఇటూ లాగి, ఎక్కడ పట్టుకుంటోందో చూశాడు. "నీ నెత్తికెల్లి పనికొచ్చేది గిదొక్కటే," అన్నాడు. షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, నాకు ఒళ్లు మండింది. ఇనుప తీగతో పొడిస్తే బెజ్జం పెద్దదై పెట్రోలు దండిగా తాగుతుంది కాబట్టి వెంట్రుకే వాడాలని దారిలో మా ఆయన నాకు సర్దిచెప్పాడు. అయితే తన వెంట్రుక పీక్కోవచ్చు గదా అన్నాను. ఆయనది బట్టతల అన్నాడు.

అంతకన్నా చెడ్డది ఇంకొకటి చూశాను. మహదేవపూర్ వైపు నుంచి ఒక ముసలాయన భుజం మీద మోటరు మోసుకొచ్చాడు. జెట్టు మీద గీతలు చూసి, తీగ పెట్టి పొడిచినవా అని అడిగాడు మేస్త్రి. లేదన్నాడు ముసలాయన. మళ్లీ అడిగాడు. మళ్లీ లేదన్నాడు. మేస్త్రి విప్పిన ప్రతి ముక్కనూ తిరిగి బిగించి, తుడిచి, గోనెసంచిలో పెట్టి ఆయన చేతికిచ్చాడు. "అబద్ధం చెప్పినోని మోటరు నేను ముట్ట." ముసలాయన అవును పొడిచాను అని కాళ్ల మీద పడ్డంత పని చేశాడు. ఇప్పుడు చెప్తే ఏం లాభం, బస్సెక్కు పో అన్నాడు. ఆ ముసలాయన కళ్లనీళ్లతో మోటరు ఎత్తుకుని పోతుంటే, మేస్త్రి బల్ల మీది ఇంకొక మోటరును అరచేత్తో తడుతూ, "ఏమైంది బిడ్డా నీకు," అని ఎంత మెత్తగా అడిగాడో! మనిషితో ఆ గొంతు ఆయన వాడగా నేను వినలేదు.

ఆయన నోట అబద్ధం రాదు, మెత్తని మాటా రాదు. ఇది బాగవుతుందా మేస్త్రీ అని కొత్తగా పెళ్లయిన పిల్లగాడు ఆశగా అడిగితే, తూకానికి అమ్ముకో అని చెప్పిన మనిషి. జనానికి అదే నమ్మకం కూడా అయింది. మేస్త్రి బాగున్నదన్నాడంటే బాగున్నట్టే, లేదన్నాడంటే లేనట్టే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ మోటరుకు పెట్రోలు ట్యాంకు విడిగా ఉంటుంది. పడవ అడుగున పెట్టుకుని, రబ్బరు పైపుతో మోటరుకు కలుపుకుంటారు. భూపాలపల్లి నుంచి పరకాల, హనుమకొండ మీదుగా జనగామ దాకా బస్సులో మోటరు తేవచ్చు గానీ ట్యాంకు తేలేము. పెట్రోలు వాసన వస్తే కండక్టరు ఎక్కనివ్వడు. అందుకని మోటరు ఒక్కటే పోయేది. మేస్త్రి తన సొంత డబ్బా నుంచి పెట్రోలు పట్టి గోలెంలో నడిపి చూసేవాడు. అందులో అది చక్కగా నడిచేది.

మా మోటరు కూడా అలాగే నడిచేది. ఊరికి తెచ్చి పడవకు తగిలిస్తే రేవు దాటి కొంత దూరం పోయాక గొంతు నొక్కినట్టు దగ్గి ఆగిపోయేది. కాసేపు అలాగే ఉంచి, పెట్రోలు ఉందో లేదో అని మూత తీసి చూసి, మళ్లీ లాగితే నడిచేది. మాదొక్కటే కాదు, మా ఒడ్డున చాలా మోటర్లు ఇంచుమించు అక్కడే ఆగేవి. గోదావరి మలుపు తిరిగే ఆ చోటుకు అమ్మ ఆపే జాగ అని పేరు పడింది. గంగమ్మకు కోపమొచ్చిందని కొబ్బరికాయలు కొట్టారు, కోళ్లు కోశారు. మా అత్తయితే ప్రతి శుక్రవారం నూనెలో కలిపిన పసుపు ముద్ద చేసి మోటరుకూ ట్యాంకుకూ పూసి బొట్టు పెట్టేది. ట్యాంకు మూత మీద ఇంకాస్త మందంగా పూసేది. అది మోటరు తినే నోరు కదా, అక్కడ అమ్మ కూర్చుంటుందని ఆమె లెక్క. ఆమెను చూసి మిగతా ఇళ్ల ఆడవాళ్లూ నేర్చుకున్నారు.

మా ఆయనకు ఒక అన్న ఉండేవాడు. నాకు బావ అవుతాడు గానీ నేను ఆయనను ఫొటోలోనే చూశాను. ఈ మోటరు కొన్నది ఆయనే. అది అప్పుడూ ఇలాగే ఆగితే రెండుసార్లు జనగామ మోసుకుపోయాడట. రెండుసార్లూ మేస్త్రి గోలెంలో నడిపి చూపించి, మోటరు మంచిగున్నది, నడిపేటోడే మంచిగ లేడు అని పంపించాడు. ఆ వానాకాలం గోదావరి పొంగి ఉన్నప్పుడు, ఆ మలుపులోనే మోటరు ఆగి పడవ అడ్డం తిరిగింది. బావ శవం చాలా కిందికి పోయి దొరికింది. మోటరు పడవకు బిగించి ఉంది కాబట్టి దొరికింది. ట్యాంకు కొట్టుకుపోయింది. మునిగిన మోటరును మా ఆయన మళ్లీ మేస్త్రి దగ్గరికే తీసుకుపోయాడు, వేరే గతి లేదు. మేస్త్రి బాగు చేసి ఇచ్చాడు, అన్న మునిగిపోయిన సంగతి విని కూడా ఒక్క మాట అడగలేదు. ఆ మోటరుతోనే మా ఆయన మళ్లీ నీళ్లలోకి దిగాడు, దాని సంపాదనతోనే నన్ను పెళ్లి చేసుకున్నాడు.

పడవ కదిలి రేవు దాటిందంటే మా అత్త ఒడ్డున నిలబడేది. మలుపు దాటి మోటరు చప్పుడు వినిపించేదాకా కదిలేది కాదు.

ఒక ఏడు దసరా ముందు ఒడ్డు వాళ్లందరూ కలిసి, మేస్త్రి ఒకసారి నీళ్ల మీదికి వచ్చి చూస్తే తప్ప ఇది తెగదని, ట్రాలీ ఆటో మాట్లాడి ఆయననే తీసుకొచ్చారు. ఎట్లా ఒప్పుకున్నాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. బహుశా మోటరులో తప్పు లేదని నిరూపించడానికే వచ్చి ఉంటాడు. దిగగానే గోదావరిని చూసి ఆగిపోయాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చంకలో పానాల సంచి. పడవలోకి ఎక్కించడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. రెండు చేతులతో చెక్కను పట్టుకుని, కళ్లు పడవ అడుగు మీదే పెట్టి కూర్చున్నాడు. అంతకాలం ఆయన చేత తిట్లు తిన్నవాళ్లంతా ఒడ్డున నిలబడి తనివితీరా చూశారు. నేనూ చూశాను, నాకు ఏ మొహమాటమూ లేదు.

పడవ మలుపులోకి పోయి ఆగింది. ఆ తర్వాత జరిగింది మా ఆయన చెప్పగా విన్నది. ఆగిన మోటరును మేస్త్రి ముట్టలేదు. వంగి పైపు మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బుడ్డను పట్టి చూశాడు. అది చప్పిడి దవడల్లా లోపలికి పీక్కుపోయి ఉంది, వదిలినా ఉబ్బలేదు. ట్యాంకు గోడలు లోపలికి వంగి ఉన్నాయి. మూత తిప్పగానే ఉస్సుమని గాలి లోపలికి పోయింది. మూతకు నడుమ గాలి పోయే చిన్న బెజ్జం ఒకటి ఉంటుంది. లోపలి పెట్రోలు తగ్గుతున్నకొద్దీ ఆ బెజ్జం గుండా గాలి రావాలి, రాకపోతే కొంత దూరం పోయాక, అంటే మా రేవు నుంచి మలుపు దాకా పోయేసరికి, పెట్రోలు కదలదు. ఆ బెజ్జం నిండా గట్టిపడిన పసుపు ఉంది. మేస్త్రి దాన్ని గోటితో గీకి, మోటరు మొదలుపెట్టమన్నాడు. అది మలుపు దాటి చాలా దూరం పోయి వచ్చింది, ఆగలేదు. మా ఆయన సంబరంతో ఏదో అన్నాడట గానీ ఆయన వినిపించుకోలేదు. తిరుగు దారంతా ఆ మూతను అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. నీళ్లంటే భయం కూడా మరిచిపోయినట్టున్నాడని మా ఆయన అన్నాడు.

పడవ ఒడ్డుకు చేరింది. మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటుతో దిగి, మూత పైకెత్తి చూపిస్తూ, ఈ పసుపు ఎవలు పెట్టిన్రు అని అడిగాడు. మా అత్త ముఖం వెలిగిపోయింది. అంత పెద్ద మేస్త్రి తన పూజను గమనించాడనుకుంది. "నేనే బిడ్డా," అంటూ ముందుకు వచ్చింది. ఎన్నేండ్ల సంది పెడుతున్నవని అడిగాడు. పెద్దోడు మోటరు కొన్న కాడికెల్లి అని చెప్పింది.

ఆ మాటతో నాకు అర్థమైంది. అత్త వెనక నుంచి నేను వద్దని తల ఊపాను, చేతులు జోడించాను. ఆయన నన్ను చూశాడు. స్పష్టంగా నా కళ్లలోకి చూశాడు. చూసి, అత్త వైపు తిరిగి అన్నాడు.

"పెద్దోన్ని గంగమ్మ తీస్కపోలే అవ్వా. నీ పసుపే తీస్కపోయింది."

మా ఆయన పడవలోంచి అవ్వా అని పిలిచాడు. అత్త ఏడవలేదు. తన కుడి చేతి వేళ్లను చూసుకుంది, వాటి మీద పొద్దుటి పసుపు ఇంకా ఉంది. నీళ్లలోకి దిగి ఆ చెయ్యి కడుక్కోవడం మొదలుపెట్టింది. మేము పట్టుకుని లేపేదాకా కడుగుతూనే ఉంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పసుపు లేదు. గడపకు పూయనివ్వలేదు, దేవుడి దగ్గర పెట్టనివ్వలేదు. కూరలో చిటికెడు వేస్తే గిన్నె ఎత్తి పెంట మీద పారబోసింది. మా పప్పు తెల్లగా ఉడికేది. పిల్లలు ఇదేం పప్పు అని అడిగితే ఏం చెప్పను? బతుకమ్మ వచ్చింది, ఊరంతా పసుపుతో గౌరమ్మను చేశారు. అత్త తలుపేసుకుని లోపల కూర్చుంది. తిండి కూడా సగమైంది. ఎప్పుడు చూసినా కొడుకు ఫొటో ఉన్న గోడకు వీపు తిప్పి కూర్చునేది, దానికేసి చూడలేకపోయేది.

మేస్త్రి మాత్రం ఊరుకోలేదు. జనగామలో ప్రతి గిరాకీకి ఈ కథ చెప్పాడు. బొట్టు పెట్టి గొంతు పిసుకుతున్నరు, జర సూస్కోండ్రి అని ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళి గోదావరి పొడుగునా పాకింది. ఆడవాళ్లు మూతల మీద చెయ్యి పెట్టడం మానేశారు. ఆ తర్వాత మా మలుపులో ఏ మోటరూ ఆగలేదు. ఇది నిజం కాబట్టి రాస్తున్నాను, ఆయనకు మెప్పుగా రాయడం లేదు. మెల్లగా చెప్పినా మానేసేవారే.

నేను ఒక్కదాన్నే జనగామ పోయాను. ఆయన బల్ల ముందు కూర్చుని, కార్బురేటరు లోపల పెట్రోలు మీద తేలే చిన్న గిన్నె మీది జిగురు గీకుతున్నాడు. అవ్వ తినడం లేదని చెప్పాను. ఒక్కసారి వచ్చి, ఆ రోజు పొరపాటున అన్నాను, పెద్దబ్బాయి సంగతి వేరే అని చెప్పిపొమ్మని బతిమాలాను.

"పొరపాటు ఎట్లయితది?" అన్నాడు, తల ఎత్తకుండా.

బావ వాడిన ట్యాంకు గోదావరిలో పోయిందని, దాని మూత ఎవరూ చూడలేదని, నీకెట్లా తెలుసని అడిగాను. తెలుసు అన్నాడు. అబద్ధం చెబితే రేపు ఇంకొక తల్లి ఇట్లనే పూస్తది, ఇంకొకడు పోతడు అన్నాడు. మూతలు శుభ్రంగానే ఉన్నాయి కదా, ఇప్పుడు ఒక ముసలిదానికి ఒక్క అబద్ధం చెబితే ఎవరు పోతారన్నాను. మళ్లీ గీకడంలో పడ్డాడు. నాకు కోపం నెత్తికెక్కింది.

"మా బావ మోటరు రెండుసార్లు నీ దగ్గరికే వచ్చె గదా అన్నా. ట్యాంకేదని ఎందుకడుగలే?"

గీకుడు పుల్లను బల్ల మీద పెట్టాడు. షెడ్డులో వేరే ఎవరూ లేరు. గోలెం వైపు చూశాడు.

"అడుగలే," అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "నేనొక్కన్నే మొయ్యాల్నా?"

అంటే ఆ రోజు పడవలో మూత పట్టుకుని కూర్చున్నప్పుడే ఆయనకు తన వంతు తెలిసిపోయింది. ఒడ్డుకు వచ్చేలోగా దాన్ని ఎవరి నెత్తిన పెట్టాలో చూసుకున్నాడు. ఎదురుగా మా అత్త నవ్వు ముఖంతో నిలబడి ఉంది. కొడుకును పోగొట్టుకున్న ముసలిదాన్ని తోడు తెచ్చుకున్నాడు, మోత కాస్త తేలిక చేసుకోవడానికి. నాకు ఆయన మీద అసహ్యం వేసింది. ఆ అసహ్యంలోనే కొంచెం జాలి కూడా కలిగింది, దానికి నా మీద నాకే కోపం వచ్చింది. చెప్పు తీసి కొట్టినా పాపం లేదనిపించిన మనిషి మీద జాలి ఏమిటి?

నేను గుమ్మం దాటుతుండగా ఎవరో గోనెసంచితో లోపలికి వచ్చారు. వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది, ట్యాంకు తెచ్చినవా అని. తేలేదంటే తిట్టి వెనక్కి పంపించాడు. తర్వాత్తర్వాత ట్యాంకు లేకుండా వచ్చిన ఏ మోటరునూ ఆయన ముట్టలేదని విన్నాను. జనం ఆటోలు కట్టుకుని ట్యాంకులు మోసుకుపోయారు.

దశదిన కర్మకు మా ఆయన పోదామన్నాడు. ఎంతైనా మన మోటరు బతికించిన మనిషి అన్నాడు. మా ఆయనది అలాంటి గుండె. మేస్త్రి భార్య వచ్చినవాళ్లందరికీ వడ్డిస్తూ తిరుగుతోంది. కళ్లలో తడి లేదు. నా ఇస్తరిలో ఇంకాస్త కూర వేసి, ఎక్కడి నుంచి వచ్చిన్రు అని అడిగింది. గోదావరి ఒడ్డు అన్నాను. ఆమె గరిటె ఒక్క క్షణం ఆగింది, మళ్లీ పక్క ఇస్తరికి పోయింది.

వచ్చేటప్పుడు బస్సులో ఆలోచన వచ్చింది. బతికి ఉన్నప్పుడు ఆయన నోటి నుంచి రాని మాట, ఇప్పుడు రావడానికి అడ్డేముంది? చచ్చినవాడు కాదనడు కదా. ట్యాంకు సంగతి అడుగలేదని తన తప్పు తాను ఒప్పుకున్న ఆ ఒక్క మాట చెబితే చాలదు, అందులో అత్త వంతు అలాగే ఉంటుంది. మొత్తం తుడిచేసే మాట కావాలి. పరకాల దాటేసరికి మాటలు పేర్చుకున్నాను. మోటరు గురించి అంతో ఇంతో నాకూ తెలుసు, ఎక్కడా తేడా రాకూడదు.

ఇంటికి పోయేసరికి అత్త వాకిట్లో కూర్చుని చేపల పొలుసు తీస్తోంది. ఎట్లయింది, మంది బాగ వచ్చిన్రా అని అడిగింది. ఆమె పక్కన కూర్చున్నాను. మేస్త్రి భార్య నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పిందన్నాను. పోయే ముందు మంచంలో పడి ఆయన అదే పనిగా మన ఇంటి సంగతి తలుచుకున్నాడని చెప్పాను. ఆనాడు పెద్దబ్బాయి మోటరులో పెట్రోలు ఎత్తే పంపు రబ్బరు చినిగి ఉండెనట, రెండుసార్లు విప్పి కూడా తానే చూసుకోలేదట, పసుపుతో దానికి ఏ సంబంధమూ లేదట, గోదావరి ఒడ్డు అవ్వకు ఈ మాట చేరవెయ్యమని చెప్పి కన్ను మూశాడట.

అత్త చేతిలో కత్తి ఆగింది.

"ఇంకోపాలి చెప్పు," అంది.

మళ్లీ చెప్పాను. ఈసారి ఇంకా బాగా చెప్పాను, మేస్త్రి కళ్లనీళ్లు పెట్టుకున్నాడని కూడా కలిపాను. ఆమె వింటున్నంతసేపూ నా ముఖమే చూసింది. పొలుసు అంటిన చేతిని కొంగుకు తుడుచుకుని, చేతి వెనక వైపుతో నా చెంప నిమిరింది.

"నువ్వు మంచిదానివి బిడ్డా," అంది. "గాయన గట్ల అనేటోడు కాదు."